వద్దనే హక్కు: పరదేశ సేవలో ఒక ధర్మసూక్ష్మం

పరిచర్య కోసం కొత్త ఊళ్లో అడుగుపెట్టేవారికి క్రైస్తవ సంప్రదాయంలో ఉన్న అతి పాత నియమావళి లూకా సువార్త పదో అధ్యాయంలో ఉంది. యేసు డెబ్బైమంది శిష్యుల్ని ఇద్దరిద్దరుగా పంపుతూ సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు కూడా వద్దన్నాడు. ఏ ఇంటివాళ్లు చేర్చుకుంటే ఆ ఇంట్లోనే ఉండాలి, వాళ్లు పెట్టింది తినాలి, ఇల్లు మారకూడదు. చేర్చుకోని ఊరైతే కాళ్ల ధూళి దులుపుకుని వెళ్లిపోవాలి. ఆ ఊరి సంగతి దేవుడు చూసుకుంటాడు, అది వెళ్లినవాడి పని కాదు. ఈ నియమంలో ఆకలి వెళ్లినవాడిది, అన్నం ఊరివాళ్లది. తలుపు తీసే అధికారం, తియ్యకపోయే అధికారం రెండూ ఊరి చేతిలోనే ఉన్నాయి.

తరువాతి కాలంలో మిషనరీలు ఓడలెక్కి వెళ్లినప్పుడు ఈ అమరిక చాలాచోట్ల తలకిందులైంది. వెళ్లినవారి దగ్గర మందులు, బడులు, డబ్బు ఉన్నాయి. కొన్నిచోట్ల వాళ్ల వెనక తుపాకులు కూడా ఉన్నాయి. ఎదుటివారి దగ్గర ఆకలి, రోగం ఉన్నాయి. సేవ చేయాలన్న కోరిక ఒక్కటే సేవ చేసే హక్కును ఇస్తుందా అన్న ప్రశ్న అక్కడే పుట్టింది. ఎంత నిజమైన కరుణ అయినా, పుచ్చుకునేవాడికి వద్దనే వీలు లేనప్పుడు అందులో కొంత బలవంతం కలిసిపోతుంది. ఇచ్చేవాడి మనసు మంచిదైనంత మాత్రాన ఆ బలవంతం పోదు. ఈ ప్రశ్నను కలకత్తా నుంచి చూడటానికి కారణం ఉంది. రెండు వందల ఏళ్లకు పైగా చర్చి సేవకులు హుగ్లీ నది మీదుగా ఈ నగరానికి వచ్చారు. ఇక్కడి నుంచి మధ్య ఆఫ్రికా వైపు వెళ్లినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నకు మంచి జవాబులు, చెడ్డ జవాబులు రెండూ ఈ నగరపు చరిత్రలో ఉన్నాయి.

ఈ దేశపు ఆలోచనకు కూడా ఇది కొత్త విషయం కాదు. భగవద్గీత పదిహేడో అధ్యాయం దానం గురించి చెబుతూ దేశం, కాలం, పాత్రత అనే మూడింటినీ చూడమంటుంది. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఇంకో అడుగు ముందుకేసి, ఇచ్చేవాడు సిగ్గుతోనూ భయంతోనూ ఇవ్వాలంటుంది. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటాయి కాబట్టి ఆ ఎత్తు ఇచ్చేవాణ్ణి పాడుచేస్తుందన్న ఎరుక ఆ మాటలో ఉంది. కలకత్తా శివార్లలోని దక్షిణేశ్వరంలో రామకృష్ణ పరమహంస, జీవుల మీద దయ చూపడానికి మనిషి ఎవరు, శివుడని తలచి జీవుణ్ణి సేవించడమే తగినదని చెప్పినట్టు ఆయన శిష్య పరంపర చెబుతుంది. వివేకానందుడు 1897లో రామకృష్ణ మిషన్‌ను ఆ భావం మీదే నిలబెట్టాడు. అయితే ఈ బోధలన్నీ ముఖ్యంగా ఇచ్చేవాడి మనసును సరిదిద్దేవి. పుచ్చుకునేవాడి సమ్మతి సంగతి వేరు. దాన్ని తేల్చుకోవడానికి వచ్చినవారి చరిత్రను చూడాలి.

విలియం కేరీ ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో చెప్పులు కుట్టి బతికిన మనిషి. ఆయన ప్రేరణతో 1792 అక్టోబరులో కెటరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ పుట్టింది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన భార్య డొరొతీ, ఆమె చెల్లెలు, పిల్లలు, జాన్ థామస్ అనే వైద్యుడితో కలిసి ఒక డేనిష్ ఓడ ఎక్కి నవంబరులో కలకత్తా చేరాడు. ఈస్టిండియా కంపెనీ అనుమతి లేకుండా వచ్చాడు. తన వ్యాపారానికి అడ్డొస్తారన్న భయంతో కంపెనీ అప్పట్లో మిషనరీలను రానిచ్చేది కాదు. తెచ్చుకున్న డబ్బు త్వరగా అయిపోయింది. కుటుంబం సుందర్‌బన్ అంచుకు, తరువాత మాల్దా ప్రాంతంలోని ముద్నాబాటి నీలిమందు కర్మాగారానికి మారింది. అక్కడ 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. డొరొతీ మనసు చెదిరి మళ్లీ కోలుకోలేదు. ఆమె 1807లో చనిపోయింది. మిషనరీ చరిత్రలు రాసినవారు చాలాకాలం ఆమెను కేరీ ఓర్పుకు పెట్టిన పరీక్షగా మాత్రమే చూశారు. అది అన్యాయం. రానని మొదట గట్టిగా చెప్పిన మనిషి ఆమె. చివరి క్షణంలో, చెల్లెలు తోడు వస్తుందంటేనే ఓడ ఎక్కింది. పరదేశ సేవలో వద్దనే హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఆ హక్కును మొదట పోగొట్టుకున్నది తరచు సేవకుడి ఇంటివాళ్లే అన్న సంగతి మరవరానిది.

కేరీ 1800 జనవరిలో కలకత్తాకు ఎగువన హుగ్లీ ఒడ్డున డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న శ్రీరాంపురం చేరాడు. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అప్పటికే అక్కడికి వచ్చారు. ముగ్గురూ కలిసి 1805లో తమ పనికి ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. ఏడాదికి మూడుసార్లు దాన్ని చదువుకోవాలన్నది నియమం. ప్రజల ఆచారాలను, ఆలోచనలను తెలుసుకోవడం, వాళ్లను తమతో సమానులుగా చూడటం అందులో ఉన్నాయి. చివరికి ఈ దేశపు బోధకుల వల్లనే ఈ దేశంలో సువార్త వ్యాపించగలదని కూడా రాసుకున్నారు. వచ్చినవాడు తన అవసరం ఎప్పుడో ఒకప్పుడు తీరిపోవాలని మొదటే ఒప్పుకోవడం గొప్ప విషయం. మొదట్లో కేరీకి అధికారం ఏమీ లేదు. అతని మాట వినని ఊరు వినకుండానే ఊరుకునేది. కేరీ వచ్చిన ఏడేళ్ల తరువాత, 1800 చివర్లో, కృష్ణ పాల్ అనే వడ్రంగి ఆ మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్న తొలి బెంగాలీ అయ్యాడు. ఆ ఏడేళ్ల నిరీక్షణ వైఫల్యం కాదు. ఎదుటివారు వద్దనగలిగారనడానికి అదే రుజువు. 1801లో కంపెనీవారి ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ ఉపాధ్యాయుడయ్యాడు. అప్పటి నుంచి పరిస్థితి మారింది. తనను రావద్దన్న కంపెనీ నుంచే జీతం తీసుకున్నాడు. ఆ జీతంలో ఎక్కువ భాగం అచ్చుపనికే పోయినా, వచ్చినవాడికి ఇప్పుడు ఒక అధికారపు నీడ దొరికింది.

తెలుగువారికి ఈ శ్రీరాంపురంతో దగ్గరి సంబంధం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఇద్దరూ అయిదేళ్లలోనే చనిపోయారు. ఆనందరాయ అనే బ్రాహ్మణ పండితుడి సాయంతో వాళ్లు తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చిలో ఆ అచ్చుశాలలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి అనేక భాషల అచ్చక్షరాలు, రాతప్రతులు కాలిపోయాయి. కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, శ్రీరాంపురం తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడ్డాయి. ఆ తెలుగు చదివిన పండితులు పెదవి విరిచారు. కలకత్తా దగ్గర కూర్చుని గోదావరి పక్కవాళ్ల మాట రాయడం ఎవరికైనా కష్టమే. అయినా భాష నేర్చుకోవడం సేవలో మొదటి మెట్టని వాళ్లు పట్టిన పట్టు సరైనది. నేర్చుకునేవాడు తప్పు మాట్లాడతాడు, పిల్లలు నవ్వుతారు, ఊరివాళ్లు దిద్దుతారు. కొన్నాళ్లపాటు వాళ్లు గురువులు, వచ్చినవాడు శిష్యుడు. ఆ కాలాన్ని తప్పించుకున్నవాడికి ఊరు నిజంగా తలుపు తీసినట్టు కాదు.

ఆకలి ముందు వద్దనే హక్కు ఉంటుందా అన్న ప్రశ్నను తెలుగునేల 1876–78 కరువులో ఎదుర్కొంది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చి నీళ్లలో మునిగినవాడి విశ్వాసం అతనిదో, అతని ఆకలిదో ఎవరూ చెప్పలేరని ఆయనకు తెలుసు. సాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. విమర్శకులు దాన్ని కరువు పంట అన్నారు. ఆ మాటలో నిజం పాలు ఎంతో ఈరోజు తూచలేం. కాని అంతకు పన్నెండేళ్ల ముందే, క్లౌకు తెలుగు సరిగ్గా రాని రోజుల్లోనే, మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య తనంతట తానే వచ్చి బాప్తిస్మం అడిగాడు. తరువాత పల్లెపల్లెకూ తిరిగి చెప్పింది పేరయ్యలాంటివాళ్లే. వాళ్లను కేవలం దొర చేతిలో పడ్డవాళ్లుగా చూడటం వాళ్ల బుద్ధిని, నిర్ణయాన్ని కాదనడమే అవుతుంది. క్లౌ పెట్టిన విరామం విలువ వేరే చోట ఉంది. ఇవ్వగలిగే శక్తి తన చేతిలో ఉన్నప్పుడు అడగడాన్ని ఆయన ఆపుకున్నాడు.

కలకత్తా నుంచి ఆఫ్రికా నడిమికి వెళ్లిన మనిషి హెన్రీ డెపెల్షాఁ. బెల్జియం జెస్యూట్ గురువులు 1859లో బెంగాల్ మిషన్ బాధ్యత తీసుకున్నారు. వాళ్లలో ఒకడైన డెపెల్షాఁ 1860లో పార్క్ స్ట్రీట్‌లో, పాత సాన్ సూసీ నాటకశాల ఉన్న స్థలంలో, సెయింట్ జేవియర్స్ కాలేజీని మొదలుపెట్టాడు. 1879లో, యాభై ఏడేళ్ల వయసులో, ఆయన్ని జాంబెజీ మిషన్‌కు పెద్దగా పంపారు. ఆ ఏప్రిల్‌లో పదకొండుమంది జెస్యూట్లు దక్షిణాఫ్రికాలోని గ్రాహమ్స్‌టౌన్ నుంచి ఎడ్లబండ్లలో బయలుదేరారు. నెలల తరబడి ప్రయాణించి ఎన్‌డెబెలే రాజు లోబెంగులా ఉండే బులవాయో చేరారు. రాజు వెళ్లగొట్టలేదు, పూర్తిగా చేర్చుకోనూ లేదు. వాళ్ల బోధ మీద కన్నా చేతిపనుల మీద ఆయనకు ఆసక్తి. అక్కడి నుంచి ఉత్తరాన టోంగా ప్రజల దగ్గరికి, తూర్పున ఉమ్‌జిలా రాజ్యానికి వెళ్లినవాళ్లలో కొందరు జ్వరాలతో, ఆకలితో చనిపోయారు. 1880లోనే ఫుక్స్, టెరోర్డె, అగస్టస్ లా అనే ముగ్గురు గురువులు పోయారు. జాంబెజీ ఎగువన లోజీ రాజ్యంలో కాలూనాలన్న ప్రయత్నం కూడా ఫలించలేదు. డెపెల్షాఁ ఆరోగ్యం చెడి 1883లో తిరిగొచ్చాడు. తరువాత మళ్లీ భారతదేశం చేరి డార్జిలింగ్‌లో సెయింట్ జోసెఫ్స్ కళాశాల స్థాపించి, 1900లో కలకత్తాలో కన్నుమూశాడు.

లెక్కల ప్రకారం ఆ జాంబెజీ యాత్ర వైఫల్యం. కాని లూకా సువార్త చెప్పిన పద్ధతికి ఆ శతాబ్దంలో బాగా దగ్గరగా వచ్చిన యాత్రల్లో అదొకటి. అక్కడ ఆతిథేయికి వద్దనే శక్తి ఉంది, ఆయన దాన్ని వాడుకున్నాడు. వచ్చినవారు ఎదురుచూశారు, జబ్బుపడ్డారు, వెనుదిరిగారు. ఆ తరువాత జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూడాలి. 1890లో సిసిల్ రోడ్స్ కంపెనీ సాయుధ దళం మషోనా దేశంలోకి నడిచినప్పుడు దాని వెంట ఒక జెస్యూట్ గురువు కూడా వెళ్లాడు. 1892లో చిషావాషాలో మిషన్ వెలసింది. ఆ భూమిని ఇచ్చింది ఊరివాళ్లు కాదు, కంపెనీ. బడులు కట్టారు, సాగు నేర్పారు, మిషన్ నిలిచింది. అదే సంఘం, అవే ప్రార్థనలు, మనుషులు కూడా దాదాపు ఆ తరహావాళ్లే. మారింది ఒక్కటే: ఈసారి ఎవరూ వద్దనలేకపోయారు.

కాంగోలో ఈ తేడా ఇంకా భయంకరంగా బయటపడింది. కేరీ పుట్టించిన బాప్టిస్టు సొసైటీయే 1878లో అక్కడ పని మొదలుపెట్టింది. 1885 నుంచి ఆ దేశమంతా బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి అయిపోయింది. సొసైటీ మిషనరీ జార్జ్ గ్రెన్‌ఫెల్ నదీమార్గాలను పటాలకెక్కించిన సాహసి. రాజు నియమించిన స్థానికుల రక్షణ సంఘంలో ఆయన 1896 నుంచి సభ్యుడు. రబ్బరు కోసం జరిగే దారుణాలను నమ్మడానికి ఆయనకూ, ఆయన్ని పంపిన సొసైటీకీ చాలా కాలం పట్టింది. ఉండనిచ్చిన ప్రభువు మీద నోరెత్తడం కష్టం. బెంగాల్ మిషన్ నడిపిన బెల్జియం జెస్యూట్లే 1893లో క్వాంగో ప్రాంతానికి వెళ్లారు. అనాథలుగా లెక్కించిన పిల్లల్ని రాజ్యం వాళ్ల సంరక్షణలో పెట్టింది. ఆ పిల్లల పనితో ఊళ్ల పక్కన ప్రార్థనాలయం, పొలం కలిసిన కేంద్రాలు వెలిశాయి. ఆ పిల్లల్లో చాలామంది అనాథలు కారని, అయినవాళ్లు ఉన్నవాళ్లేనని 1905లో విచారణ సంఘం తేల్చింది. అదే కాంగోలో అమెరికా నల్లజాతి ప్రెస్బిటీరియన్ మిషనరీ విలియం షెపర్డ్ 1899లో నరికి పొగబెట్టిన 81 కుడిచేతులు లెక్కపెట్టి లోకానికి చెప్పాడు. రబ్బరు కంపెనీ వేసిన దావాలో 1909లో విచారణను ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. ఆయన కూబా ప్రజల భాష నేర్చుకుని, పిలవకుండానే వాళ్ల రాజధానికి వెళ్లినా, రాజు చేర్చుకుంటేనే అక్కడ ఉండగలిగినవాడు. ఈ తేడా యాదృచ్ఛికం అనిపించదు. ఎవరి అనుమతితో ఉన్నాడో వాళ్ల కళ్లతోనే మనిషి ఆ నేలను చూస్తాడు.

ఇక్కడినుంచి ఆలోచన మళ్లీ బెంగాల్‌కు, తెలుగునేలకు వస్తుంది. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపురంలో కేరీ గ్రంథాలయంలో కొందరు భారతీయ క్రైస్తవులు సమావేశమై, ఈ దేశపు మనుషులతో, ఈ దేశపు డబ్బుతో నడిచే నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. వాళ్లలో తిరునెల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్య ఒకరు. ఆయన తెలుగు నేర్చుకుని నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు పరిచర్యకు వెళ్లారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక మాకు స్నేహితుల్ని ఇవ్వండని తెల్ల మిషనరీల ముఖం మీదే అన్నారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆయన అడిగింది చిన్న కోరిక కాదు. స్నేహితుడు నువ్వు తప్పు చేస్తున్నావని చెప్పగలడు, ఇంటికి రావద్దని చెప్పగలడు. ఉపకారం పొందినవాడు ఆ రెండూ చెప్పలేడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొంది డోర్నకల్‌కు వచ్చారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయం కట్టడంలో హిందూ, ముస్లిం శిల్పరీతులు కనబడతాయి. తెలుగు బాప్టిస్టులు కూడా అప్పటికే ఆఫ్రికాకు మనిషిని పంపారు. చెరకుతోటల్లో కూలిపనికి నాటాల్ వెళ్లిన తెలుగువారికి కాపరిగా జాన్ రంగయ్య 1903లో బయలుదేరారు. ఆ కూలీల మధ్యే, వాళ్ల భాషలోనే సంఘాలు కట్టారు.

కలకత్తాకు వచ్చిన పరదేశ సేవకుల్లో ప్రపంచానికి బాగా తెలిసిన మదర్ థెరిసా ఈ నగరానికి రెండుసార్లు వచ్చారని చెప్పాలి. స్కోప్యేలో పుట్టిన అల్బేనియన్ యువతి, పద్దెనిమిదేళ్ల ఆగ్నెస్ గోంజా బొయాజియు లొరెటో సభలో చేరి 1929 జనవరి 6న కలకత్తా చేరింది. తరువాతి రెండు దశాబ్దాల్లో ఎక్కువ కాలం ఎంటాలీలో గోడల మధ్య ఉన్న బడిలో పాఠాలు చెప్పింది. పేదలలో పేదల కోసం బయటికి వెళ్లాలన్న పిలుపు 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైలులో వచ్చిందని ఆమె చెప్పేవారు. కలకత్తా ఆర్చిబిషప్ ఫెర్డినాండ్ పెరియే కూడా బెల్జియం జెస్యూటే. ఆయన తొందరపడలేదు. ఆమె దాదాపు రెండేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 1948 ఆగస్టులో నీలి అంచు తెల్లచీరతో బయటికి వచ్చి, పట్నాలో కొద్ది నెలలు వైద్యసేవ నేర్చుకుని, డిసెంబరులో మోతీఝీల్ బస్తీకి వెళ్లారు. ఇరవై ఏళ్ల క్రితమే వచ్చిన మనిషి అప్పుడు నిజంగా నగరంలోకి అడుగుపెట్టారు. వెంట చేరినవాళ్లు విదేశీయులు కారు, ఆమె పాఠాలు చెప్పిన బెంగాలీ అమ్మాయిలు. తొలిగా వచ్చిన సుభాషిణీ దాస్ తన గురువు పాత పేరు ఆగ్నెస్‌నే తీసుకుంది. 1950 అక్టోబరు 7న మిషనరీస్ ఆఫ్ చారిటీకి అనుమతి దొరికింది. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయతలతోపాటు నిరుపేదలకు ఉచితంగా, మనసారా సేవ చేయడం వాళ్ల నాలుగో మ్రొక్కు.

1952లో నగరపాలక సంస్థ కాళీఘాట్ ఆలయం పక్కన యాత్రికుల సత్రం ఒకటి ఇచ్చింది. అక్కడ వెలసిన నిర్మల్ హృదయ్‌లో వద్దనే హక్కు ప్రశ్న తన చివరి హద్దుకు వస్తుంది. రోడ్డు పక్క పడిపోయినవాడు, స్పృహ లేనివాడు వద్దనలేడు. మోసుకురాకపోతే చస్తాడు, మోసుకొస్తే అతని చావు ఎలా ఉండాలో ఇంకొకరు నిర్ణయిస్తారు. చనిపోయేవారికి వాళ్ల మతం ప్రకారమే, హిందువుకు గంగాజలం, ముస్లింకు ఖురాన్, అంత్యవిధులు జరిపిస్తామన్నది సభ నియమం. రహస్యంగా బాప్తిస్మం ఇచ్చారన్న ఆరోపణ సభ నుంచి బయటికి వచ్చిన ఒక మఠకన్య నుంచి వచ్చింది. 1994లో లాన్సెట్ పత్రిక సంపాదకుడు రాబిన్ ఫాక్స్ అక్కడ చూసినదాన్ని రాస్తూ, రోగ నిర్ధారణ సరిగా లేదని, నొప్పి తగ్గించే గట్టి మందులు లేవని ఎత్తిచూపాడు. కలకత్తాలో పుట్టిన వైద్యుడు అరూప్ చటర్జీ ఇంకా తీవ్రంగా రాశారు. ఈ విమర్శల్లో మతం గురించినవాటి కన్నా మందు గురించినది బలమైనది. దయగా తుడిచే చెయ్యి ఎంత అవసరమో, నొప్పి తగ్గించే మందూ అంతే అవసరం. రోగిని అడిగి ఉంటే ముందు దేన్ని కోరుకునేవాడో ఊహించడం కష్టం కాదు. అయినా ఆ విమర్శ ఒక నిజాన్ని చెరపలేదు. ఎవరూ ముట్టుకోని శరీరాలను ఆ ఇంట్లో ముట్టుకున్నారు, పేరు పెట్టి పిలిచారు. నగరం ఆ పని చేయలేదు. రెండూ కలిపి చెప్పినవారే ఆ ఇంటికి న్యాయం చేసినవారు.

ఆ సభ ఇళ్లలో కొద్ది వారాలు పనిచేయడానికి ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛంద సేవకులు వస్తారు. సడర్ స్ట్రీట్ చుట్టుపక్కల చవక లాడ్జీలలో దిగుతారు, శిశుభవన్‌లో పేరు రాయించుకుంటారు. తెల్లవారగానే ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డులోని మదర్ హౌస్‌లో పూజ, తరువాత రొట్టె, అరటిపండు, టీ. అక్కడి నుంచి కాళీఘాట్‌కు, ప్రేమ్‌దాన్‌కు, దయాదాన్‌కు విడిపోతారు. చాలామందికి దొరికేది బట్టలు ఉతకడం, అన్నం తినిపించడం, పక్కలు సర్దడం. క్రైస్తవులు కానివారు, దేవుణ్ణి నమ్మనివారు కూడా వస్తారు. బెంగాలీ, హిందీ రాకపోవడంతో రోగితో మాట కలవదు. వచ్చినవాడికి ఎంతో నేర్పిన ఆ పది రోజులు పడక మీది మనిషికి ఏమిచ్చాయన్నది గట్టి ప్రశ్నే. 1968లో మెక్సికోలోని కుయెర్నవాకాలో ఇవాన్ ఇలిచ్ అనే కతోలిక గురువు అమెరికా విద్యార్థి సేవకుల ముందు నిలబడి, సాయం చేస్తామన్న గర్వం వదిలి అతిథులుగా రండి, చూడండి, నేర్చుకోండి, లేకపోతే ఇంట్లోనే ఉండండి అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట కటువుగా ఉన్నా సరైనది. కోల్‌కతాలో ఆ ఇళ్ల అమరిక ఇలిచ్ కోరినదానికి కొంత దగ్గరగా ఉంది. పని ఎలా చేయాలో వచ్చినవాడు చెప్పడు. ఎక్కడికి పంపాలో, ఏ తొట్టి దగ్గర నిలబెట్టాలో జార్ఖండ్ లేదా కేరళ నుంచి వచ్చిన సిస్టర్ చెబుతుంది. ఇంజనీరైనా, లాయరైనా ఆమె మాట వినాలి. అతను మళ్లీ శిష్యుడు అవుతాడు. ఆ పనిలో ఏదైనా ధర్మం ఉంటే అందులోనే ఉంది, అతను పంచిన చిరునవ్వుల్లో కాదు.

ఈ సమ్మతి ప్రశ్నకు స్వతంత్ర భారతం చట్టరూపం కూడా ఇచ్చింది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అనుసరించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛను ఇస్తుంది. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మత పరిచర్యకు వచ్చే విదేశీయుల కోసం మిషనరీ వీసా వేరుగా ఉంది, పర్యాటక వీసా మీద ఆ పని చేయరాదు. ఈ హద్దులు కొన్నిసార్లు అనవసరంగా కఠినంగా అమలవుతాయి, నిజమైన సేవను కూడా అనుమానిస్తాయి. కాని ఒక దేశం తన తలుపు దగ్గర నిలబడి ఎవరు, ఎందుకని అడగడం దానికున్న హక్కే. లోబెంగులాకు ఆ హక్కు కొన్నేళ్లే మిగిలింది, కాంగోకు అసలు దొరకలేదు. చట్టం చూడలేనిది ఇంకొకటి ఉంది. తన మతాన్ని మార్చుకునే నిర్ణయం కూడా మనిషిదే. పేరయ్యలాంటివాడికి ఆ నిర్ణయం తీసుకునే తెలివి లేదనుకోవడం, దొరకు అతణ్ణి మార్చే హక్కు ఉందనుకోవడం రెండూ ఒకే చిన్నచూపు నుంచి పుడతాయి.

వచ్చినవారి చేతిలో మొదలైన పని పుచ్చుకున్నవారి సొంతమైన ఉదాహరణలు కాంగోలోనే ఉన్నాయి. బాప్టిస్టు మిషన్‌లో 1915లో బాప్తిస్మం పొందిన సైమన్ కింబాంగు 1921లో కొద్ది నెలలు బోధించి, రోగుల్ని స్వస్థపరుస్తాడని పేరు తెచ్చుకున్నాడు. బెల్జియం ప్రభుత్వం జైల్లో పెట్టింది. ముప్పై ఏళ్లు అక్కడే ఉండి 1951లో చనిపోయాడు. ఆయన పేరుతో నిలిచిన సంఘం 1969లో ప్రపంచ చర్చిల మండలిలో చేరింది. మిషనరీలు అతన్ని పంపలేదు, ఆపనూ లేకపోయారు.

కోల్‌కతా నుంచి కూడా మనుషులు ఆఫ్రికాకు వెళ్తూనే ఉన్నారు. మిషనరీస్ ఆఫ్ చారిటీ 1968లో టాంజానియాలోని టబోరాలో ఇల్లు తెరిచింది. ఆ ఖండంలోని ఎన్నో దేశాల్లో ఇప్పుడు ఆ సభ ఇళ్లున్నాయి. అక్కడి అమ్మాయిలు అదే చీర కట్టుకుని వేరే దేశాలకు వెళ్తున్నారు. యెమెన్‌కు ఆ సభ 1973లో అక్కడి ప్రభుత్వం పిలిస్తే వెళ్లింది. 2016 మార్చి 4న ఏడెన్‌లోని వృద్ధుల ఇంట్లో సాయుధులు చొరబడి 16 మందిని చంపారు. చనిపోయినవారిలో నలుగురు సిస్టర్లు. ఇద్దరు రువాండా నుంచి, ఒకరు కెన్యా నుంచి, ఒకరు జార్ఖండ్ నుంచి వచ్చినవారు. యుద్ధం ముదిరి విదేశీయులు చాలామంది వెళ్లిపోయాక కూడా, ఇంట్లో ఉన్న వృద్ధులు ఎటూ వెళ్లలేరు కాబట్టి వాళ్లు వెళ్లలేదు.